కార్యాలయాలలో విషయ సమర్పణ: నమూనా, శిక్షణ, భాష

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకున్న ఈ శుభసమయంలో దాని చరిత్రను గురించి, దాతల సేవలను గురించి పెద్దలు సవివరంగా ముచ్చటించారు. ఉత్సవ సంఘం వారు నాకు అప్పగించిన విషయం కొంచెం వేరైనది. కార్యాలయాలలో ఉద్యోగులు చేసే ప్రజెంటేషన్ల నాణ్యతను పెంచడం ఎలా, అందుకు ముందుగా తయారుచేసిన నమూనాలు, సిబ్బందికిచ్చే శిక్షణ ఎంతవరకు ఉపకరిస్తాయి అన్నది ఆ విషయం. పలకా బలపంతో మొదలయ్యే బడికీ, చల్లని గదులలో తెరమీద బొమ్మలు చూపే కార్యాలయానికీ సంబంధమేమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం చాలా ఉందని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

హూడి ఒకప్పుడు చేలూ తోటల మధ్య ఉన్న చిన్న గ్రామం. 1990ల చివరలో వైట్‌ఫీల్డులో ఐటీపీఎల్ భవనాలు వెలసిన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలు మారిపోయాయి. 2023 మార్చిలో కృష్ణరాజపురం నుండి మన హూడి మీదుగా వైట్‌ఫీల్డు వరకు మెట్రో రైలు వచ్చింది. మన బడిలో చదివిన పిల్లలు నేడు ఆ కార్యాలయాలలోనూ, బ్యాంకులలోనూ, ఆసుపత్రులలోనూ, ప్రభుత్వ శాఖలలోనూ పనిచేస్తున్నారు. వారు బడికి వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: “మేడమ్, పని చేయడం చేతనవుతుంది. చేసిన పనిని నలుగురి ముందు చెప్పడమే చేతకావడం లేదు.” ఈ కారణంగా పదోన్నతులు వెనుకబడినవారు ఉన్నారు. తాము చేసిన పనిని మరొకరు చక్కగా చెప్పి పేరు తెచ్చుకోగా మౌనంగా ఊరుకున్నవారూ ఉన్నారు. ఇది చిన్న నష్టం కాదు.

ప్రజెంటేషన్ అంటే ఏమిటి?

కార్యాలయ భాషలో ప్రజెంటేషన్ అనే దానిని మన శిక్షణ కళాశాలల పుస్తకాలు ఎన్నో దశాబ్దాలుగా ‘విషయ సమర్పణ’ అంటున్నాయి. తనకు తెలిసినదానిని తెలియనివారికి, పరిమితమైన కాలంలో, వారికి ఉపయోగపడేటట్లు అందించడమే దాని అర్థం. తరగతి గదిలో ఉపాధ్యాయుడు చేసేది అదే. అధికారుల ముందు ఇంజనీరు, వైద్యుల ముందు నర్సు, ఖాతాదారుల ముందు బ్యాంకు ఉద్యోగి చేసేదీ అదే. వినేవారు మారతారే గాని విద్య ఒక్కటే.

ఈనాడు ఈ పనికి ఎక్కువగా వాడే పవర్‌పాయింట్ అనే సాధనం 1987లో వెలువడింది. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ అనే ఇద్దరు దానిని ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రూపొందించారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనుక్కున్నది. తొలి రూపంలో అది నలుపు తెలుపు పుటలను మాత్రమే తయారుచేసేది. వాటిని పారదర్శక పత్రాలమీద అచ్చువేసి ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుపై చూపేవారు. మా తరం ఉపాధ్యాయులకు ఆ ప్రొజెక్టరు బాగా పరిచయం.

తెలుగువారికి ఈ సాధనంతో ప్రసిద్ధమైన పరిచయం 1997లో జరిగింది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి కంప్యూటరు సహాయంతో రాష్ట్రాన్ని గురించి వివరించారు. 1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాదులో ప్రారంభమయింది. ఆ ఒక్క వివరణ వల్లనే అది వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. కాని కొద్ది నిమిషాలలో ఒక ప్రాంతపు అవసరాన్ని, అర్హతను ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే దాని విలువ ఎంతటిదో ఆనాటి నుండి మన ఇళ్లలో కూడా తెలిసింది.

అందమైన తెర, దాగిన నిజం

సరిగా చెప్పకపోతే వచ్చే ప్రమాదం ఎంతటిదో తెలిపే ఉదంతం కూడా ఒకటి ఉన్నది. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరింది. అందులో మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా ఉన్నారు. పైకి లేచిన ఒకటిన్నర నిమిషం లోపుననే ఇంధన తొట్టి నుండి ఊడిన నురుగు ముక్క ఒకటి నౌక ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను పరిశీలించి తమ అభిప్రాయాన్ని స్లైడ్ల రూపంలో అధికారులకు సమర్పించారు.

వాటిలో ఒక స్లైడు శీర్షిక చదివితే పరిస్థితి ఫరవాలేదనిపిస్తుంది. దాని కింద పెద్ద చుక్కలు, వాటి కింద చిన్న చుక్కలు, ఇంకా కింద గీతలు, మరీ చిన్న అక్షరాలు. అన్నిటికంటే అడుగున ఉన్న ఒక పంక్తిలో అసలు విషయం ఉంది. పూర్వం చేసిన పరీక్షలలో వాడిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు. నౌకకు తగిలిన ముక్క 1920 ఘనపుటంగుళాలుగా అంచనా. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షల ఆధారంగా ధైర్యంగా ఉండడానికి వీలులేదని చెప్పవలసిన వాక్యం అది. అది పుట అడుగున దాగిపోయింది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక విచ్ఛిన్నమై ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

అదే సంవత్సరం ఆగస్టులో వెలువడిన విచారణ సంఘం నివేదిక, సాంకేతిక పత్రాలకు బదులుగా స్లైడ్లను వాడే అలవాటును ప్రత్యేకంగా విమర్శించింది. ఆ స్లైడును విశ్లేషించిన ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టే మాటలను కూడా ఉదాహరించింది. ప్రమాదానికి స్లైడు ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కాని ముఖ్యమైనదానికీ అముఖ్యమైనదానికీ ఏ స్థానం ఇవ్వాలో రాసినవారు ఆలోచించకపోతే, నమూనా ఆ ఆలోచనను వారి తరఫున చేయదని ఈ ఉదంతం మనకు నేర్పుతున్నది.

ఉపాధ్యాయుల పాత నమూనా

నమూనాలు పనికిరావని నా అభిప్రాయం కాదు. ఉపాధ్యాయ వృత్తి మొత్తం ఒక నమూనామీదనే నిలిచి ఉంది. జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ (1776–1841) భావాలను ఆధారం చేసుకొని ఆయన అనుయాయులు పాఠానికి ఐదు సోపానాలు ఏర్పరచారు: సన్నాహం, సమర్పణ, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. బి.ఇడి. చదివిన ప్రతివారూ ఈ సోపానాల ప్రకారం పాఠ్య పథకాలు రాసి, పరిశీలకుల ముందు బోధించి, సంతకాలు చేయించుకున్నవారే.

ఆ పథకంలో ఎంతో వివేకం ఉంది. విద్యార్థికి ఇదివరకే ఏమి తెలుసో విచారించనిదే కొత్త విషయం మొదలుపెట్టరాదు. కొత్తదానిని పాతదానితో కలపాలి. ఉదాహరణల నుండి సూత్రం రావాలి. చివరకు విద్యార్థి దానిని ఉపయోగించి చూపాలి. కార్యాలయాలలో వినిపించే అనేక ప్రజెంటేషన్లలో మొదటి సోపానమూ ఉండదు, చివరిదీ ఉండదు. మధ్యనున్న ‘సమర్పణ’ మాత్రమే 40 స్లైడ్ల నిడివిన సాగుతుంది. వినేవారికి అది ఎక్కడ మొదలయిందో తెలియదు, విన్న తరువాత తాము ఏమి చేయాలో అంతకన్నా తెలియదు.

కాబట్టి సంస్థలు సిబ్బందికి ఇచ్చే నమూనాలో రంగులు, చిహ్నాలకంటె ముందు కొన్ని ప్రశ్నలు ఉండాలి. తెర దగ్గరకు వెళ్లే ముందు కాగితంమీద జవాబులు రాయవలసిన ప్రశ్నలివి:

1. వినేవారు ఎవరు? ఈ విషయంలో వారికి ఇదివరకే ఏమి తెలుసు?
2. నేను చెప్పదలచినది ఒక్క వాక్యంలో ఏమిటి?
3. దానికి ఆధారం ఏది? ఆ అంకె ఎక్కడిది, ఏ తేదీ నాటిది?
4. ఇందులో నాకు తెలియనిది, సందేహం ఉన్నది ఏమిటి?
5. విన్న తరువాత ఎవరు, ఏమి చేయాలి? ఎప్పటిలోగా?

ఈ ఐదింటిలో నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. కొలంబియా స్లైడులో సందేహానికి ప్రత్యేక స్థానం ఒకటి కేటాయించి ఉంటే ఆ పంక్తి అడుగున దాగేది కాదు. ప్రతి నమూనాలోనూ సందేహానికొక గడి ఉంటే, దానిని పూరించడం అవమానమని ఉద్యోగి భావించడు. ఆ గడి లేనిచోట సందేహాన్ని చెప్పడానికి అదనపు ధైర్యం కావాలి. కొత్తగా చేరిన ఉద్యోగికి ఆ ధైర్యం ఎక్కడిది?

ఇక స్లైడు విషయానికి వస్తే, శీర్షిక పూర్తి వాక్యంగా ఉండడం మేలు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ ఆలీ ఈ పద్ధతిని ఇంజనీరింగు విద్యార్థులకు నేర్పి ప్రచారంలోకి తెచ్చారు. పైన ఒక నిశ్చితమైన వాక్యం, దాని కింద దానిని రుజువు చేసే చిత్రమో, పటమో, అంకెలో. బడి నుండే ఒక ఉదాహరణ చెబుతాను. ‘ఆరవ తరగతి హాజరు వివరాలు’ అని శీర్షిక పెడితే వినేవారు పట్టికలో వెదుక్కోవాలి. ‘ఆరవ తరగతిలో సోమవారం నాడు హాజరు తగ్గుతున్నది’ అని పెడితే, ఆదివారం సొంత ఊరికి వెళ్లిన కుటుంబాలు మరునాటికి తిరిగి రాలేకపోతున్నాయేమోనన్న ఆలోచన సభలో ఎవరో ఒకరికి వెంటనే తడుతుంది. మొదటి శీర్షికతో కాగితం ఫైలులోకి చేరుతుంది. రెండవదానితో చర్చ మొదలవుతుంది.

తక్కినవి చిన్న నియమాలు. చివరి వరుసలో ఉన్నవారికి కనిపించని అక్షరం రాయకూడదు. నల్లబల్లమీద మనం పాటించే నియమమిదే. ఒక స్లైడులో ఒక విషయమే ఉండాలి. తెరమీద ఉన్నదానిని చూసి చదవకూడదు. వినేవారికి చదువు వచ్చు. వక్త చదవడం, వారు చదవడం ఏకకాలంలో జరిగితే రెండింటిలో ఏదీ మనసుకెక్కదు.

శిక్షణ ఎలా ఉండాలి?

ఎంత మంచి నమూనా అయినా, వాడడం నేర్పకుండా చేతికిస్తే కొద్దికాలంలోనే ఖాళీలు పూరించే తంతుగా మారుతుంది. పాఠ్య పథకాలకు పట్టిన గతి మనకు తెలియనిది కాదు. పోయిన ఏటి పుస్తకం నుండి ఈ ఏటి పుస్తకంలోకి ఎక్కించే పథకాలు ఎన్ని లేవు! కార్యాలయాలలోనూ పాత స్లైడులో తేదీ మార్చి చూపే అలవాటు ఉన్నదని మన పూర్వ విద్యార్థులే నవ్వుతూ చెబుతారు.

చాలాచోట్ల శిక్షణ పేరిట జరిగేది ఒక్కరోజు తరగతి. అక్షరాల సైజు ఎలా మార్చాలి, బొమ్మ ఎలా అతికించాలి అన్నవి నేర్పుతారు. అవి తెలియవలసినవే. కాని ఈత గురించి ఉపన్యాసం విన్నంత మాత్రాన ఈత రాదు. ఇక్కడ మన వృత్తి దగ్గర మంచి ఉపాయం ఒకటున్నది. అదే సూక్ష్మబోధన. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. మన దేశపు శిక్షణ కళాశాలలలో ఆచరించే క్రమం ఇది: 6 నిమిషాల బోధన, 6 నిమిషాల ప్రతిపుష్టి, అనగా చూసినవారి అభిప్రాయం, 12 నిమిషాలలో పథకాన్ని తిరగరాయడం, 6 నిమిషాల పునర్బోధన, మరల 6 నిమిషాల ప్రతిపుష్టి. మొత్తం 36 నిమిషాలు. ఒక్కొక్కసారి ఒక్క నైపుణ్యాన్నే అభ్యసించాలి. ప్రశ్నించడం ఒకనాడు, ఉదాహరణ చెప్పడం ఒకనాడు, ముగించడం ఒకనాడు.

ఈ పద్ధతిలోని బలం పునర్బోధనలో ఉంది. తప్పు చూపి వదిలివేస్తే మనిషి కుంగిపోతాడు. తప్పు చూపిన పావుగంటలోనే దిద్దుకునే అవకాశమిస్తే ధైర్యం వస్తుంది. ఏ కార్యాలయమైనా వారానికి 36 నిమిషాలు కేటాయించి ఒక్కొక్క ఉద్యోగితో ఈ అభ్యాసం చేయించవచ్చు. ఖర్చు లేదు, బయటి నిపుణుడు అవసరం లేదు. అయితే రెండు కట్టుబాట్లు ఉండాలి. అభిప్రాయం చెప్పేవారు ముందు బాగున్నదేమిటో చెప్పి, తరువాత మార్చవలసినది ఒక్కటి మాత్రమే చెప్పాలి. ఉచ్చారణను, యాసను వేళాకోళం చేయరాదు. మొదటి వంతు పెద్ద అధికారిదే కావాలి. పెద్దవారు తమ మాటలను పదిమంది ముందు దిద్దించుకుంటే చిన్నవారికి జంకు పోతుంది.

స్లైడ్లు లేకుండా సమావేశాలు నడుపుకోవచ్చునని నిరూపించినవారు కూడా ఉన్నారు. అమెజాన్ సంస్థ ఆనాటి అధిపతి జెఫ్ బెజోస్ 2004లో తమ ఉన్నతాధికారుల సమావేశాలలో స్లైడ్లు మానిపించి, పూర్తి వాక్యాలలో రాసిన వివరణ పత్రాలను తెమ్మన్నారు. సమావేశం మొదలు కాగానే అందరూ మౌనంగా ఆ పత్రం చదువుతారు, తరువాతనే చర్చ. పూర్తి వాక్యం రాయబోతే ఆలోచనలోని అతుకులు బయటపడతాయి. వ్యాసరచనను బడులలో ఎందుకు వదలకూడదో చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అవసరం లేదు.

రిషివ్యాలీ నుండి హెగ్గడదేవనకోటకు

నమూనా, శిక్షణ రెండూ కలిస్తే ఏమి జరుగుతుందో తెలిపే ఉదాహరణ మన రెండు భాషల మధ్యనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే ఉపాధ్యాయుడున్న పల్లె బడుల కోసం తెలుగులో అభ్యాస కార్డులను రూపొందించారు. పిల్లవాడు తన వేగంతో, మెట్టు తరువాత మెట్టుగా నేర్చుకునే ఏర్పాటు అది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు ఆ పద్ధతిని చూసి నేర్చుకున్నారు. తెలుగు కార్డులను యథాతథంగా మార్చి వాడుకోక, తమ పిల్లల ఆటలూ పాటలతో కన్నడంలో తామే కొత్త కార్డులు తయారుచేసుకున్నారు. అదే ‘నలి-కలి’. తరువాతి కాలంలో అది కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలలో వ్యాపించింది.

పై అధికారులు పంపిన నమూనా గనుక ఇది నిలిచిందని నేను అనుకోవడం లేదు. వాడవలసినవారే కూర్చుని దానిని తమకు తగినట్లు తిరిగి చేసుకున్నారు, అందుకే నిలిచింది. సంస్థలు నమూనా తయారుచేసేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. రోజూ ప్రజెంటేషన్ చేసే ఉద్యోగులను పిలిచి, వారి చేతనే ముసాయిదా రాయించి, ఏడాదికొకసారి మార్చుకుంటే ఆ నమూనా వారిదవుతుంది.

భాష సంగతి

తెలుగు మాధ్యమంలో చదివినందున మా పిల్లలు సభలలో వెనుకబడతారేమోనని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. వారి ఆందోళన సహజమే. ఇక్కడి కార్యాలయాలలో ఇంగ్లీషు కావాలి, బయట కన్నడం కావాలి. ఆ రెండూ శ్రద్ధగా నేర్పవలసిన బాధ్యత మాది. కాని ఇంతసేపు చెప్పుకున్న ఐదు ప్రశ్నలలో ఒక్కటైనా ఇంగ్లీషుకు సంబంధించినది ఉన్నదా? చెప్పదలచినది ఏమిటో తేల్చుకోవడం ఆలోచనకు సంబంధించిన పని. ఆలోచన మాతృభాషలో స్పష్టంగా సాగుతుంది. పూర్వ విద్యార్థులకు నా సలహా ఏమంటే, ముందు ఆ ఐదు ప్రశ్నలకు జవాబులు తెలుగులో రాసుకోండి. తరువాత చిన్న చిన్న వాక్యాలలో ఇంగ్లీషులో రాయండి. పెద్ద వాక్యం తడబాటుకు మూలం. చిన్న వాక్యంలో తప్పు దొర్లినా అర్థం చెడదు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు (1863–1940) వినేవారికి అర్థమయ్యే భాషలోనే బోధన జరగాలని జీవితాంతం వాదించారు. సవరల పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఎదుటివాని భాషలోకి మనం వెళ్లాలన్న ఆ నియమం కార్యాలయానికీ వర్తిస్తుంది. లెక్కల శాఖవారి ముందు ఇంజనీరు తన పారిభాషిక పదాలను గుప్పిస్తే, అది ఎంత చక్కని ఇంగ్లీషయినా సవర పిల్లవాని ముందు గ్రాంథికం చదివినట్లే.

మన బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఈ నియమాన్ని పాటిస్తున్నాం. తరగతి ఉపాధ్యాయుడు ముఖ్యమైన సంగతిని మొదట ఒక్క వాక్యంలో చెబుతాడు. ఏ తేదీలోగా ఏ పత్రం తేవాలో నల్లబల్లమీద పెద్ద అక్షరాలతో రాస్తాడు. చివర ఒకరిద్దరు తల్లులను దానిని తిరిగి చెప్పమంటాడు. చదువు రాని తల్లి కూడా తన మాటలలో చెప్పగలిగిందంటే సమర్పణ నెగ్గినట్లు. చెప్పలేకపోతే మరల చెప్పవలసినది ఉపాధ్యాయుడు గాని, ఆ తల్లిది లోపం కాదు. విద్యార్థి వేతనం దరఖాస్తు గడువు తెలియక ఒక్క బిడ్డ నష్టపోయినా ఎంత అందమైన స్లైడయినా ఆ లోటు తీర్చదు.

మూడు విన్నపాలు

ఈ సందర్భంగా మూడు విన్నపాలు చేస్తాను. సహోపాధ్యాయులకు: ప్రతి తరగతిలోనూ ప్రతి పిల్లవానికీ నెలకొకసారి మూడు నిమిషాలు లేచి నిలబడి తాను నేర్చుకున్నది చెప్పే అవకాశం ఇవ్వండి. చురుకైన ఐదుగురికే ఆ అవకాశం పరిమితం కారాదు. తల్లిదండ్రులకు: సాయంత్రం ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులు అడగడానికి ముందు, ఈరోజు ఏమి నేర్చుకున్నావో నాకు చెప్పు అని అడగండి, చివరిదాకా వినండి. పూర్వ విద్యార్థులకు: మీ కార్యాలయాలలో మీకు అలవడిన విద్యను సెలవు రోజున వచ్చి పెద్ద తరగతుల పిల్లలకు చూపండి. 36 నిమిషాలు చాలు.

చేసిన పనిని నిజాయితీగా, క్లుప్తంగా, సందేహాలను దాచకుండా చెప్పగల మనిషిని తయారుచేయడం ఈ పాఠశాల 75 ఏళ్లుగా చేస్తున్న పనిలో భాగమే. రాబోయే ఏళ్లలో దానిని మరింత శ్రద్ధగా చేయడానికి మీ అందరి సహకారం కోరుతున్నాను.